నైలాను వలా, పాలెం దురాయీ

నెల్లూరు సముద్రపు ఒడ్డుకు నైలాను వల తెచ్చినవాణ్ణి నేనే. నాకు ముందు అక్కడ అన్నీ నూలు వలలే. నేను వెళ్లాను, మాట్లాడాను, ఒడ్డు మారిపోయింది.

ఇంతవరకూ రాసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదువుకున్నాను. మొదటి వాక్యం అబద్ధం. ఆ రోజుల్లోనే ఇంకో ఇద్దరు ముగ్గురు ఏజెంట్లు చేతిసంచులు పట్టుకుని అదే ఇసకలో తిరిగేవాళ్లు. రెండోది సగం నిజం. మూడోదాంట్లో 'వెళ్లాను' అన్నది ఖాయం. నెల్లూరులో మైపాడు బస్సెక్కి వెళ్లాను. 'మాట్లాడాను' కూడా నిజమే. కష్టమంతా ఆ మాటల వల్లే వచ్చింది.

అమ్మకాల పనిలోకీ, నలుగురిని నడిపించే పనిలోకీ కొత్తగా వచ్చే పిల్లలు నా దగ్గరికొచ్చి, ఎలా మాట్లాడాలో చెప్పమంటారు. నాకెప్పుడు ప్రమోషన్ వచ్చిందో, ఏ ఊరికి బదిలీ అయ్యానో వాళ్లకు అక్కర్లేదు, నాకూ గుర్తు లేదు. అరవయ్యో దశకం మొదట్లో ఒక పాలెంలో జరిగింది మాత్రం గుర్తుంది. అది రాస్తాను. మధ్యలో నన్ను నేను కాస్త పెంచుకుంటే ఓపిక పట్టండి, నేనే దించుకుంటాను.

ఇద్దరు పైవాళ్లు

మాది కొడవలూరు దగ్గర వరి పండించే కుటుంబం. సముద్రాన్ని చిన్నప్పుడు ఒకసారి చూశాను, కాళ్లు తడుపుకుని వచ్చేశాను. అలాంటివాణ్ణి మద్రాసులోని ఒక వలల కంపెనీలో సేల్స్ సూపర్‌వైజరుగా చేరి, మైపాడు చుట్టుపక్కల చేపలు పట్టేవాళ్ల పాలేలకు వలలు అమ్మాల్సి వచ్చింది.

నాకు పైన ఇద్దరు. మద్రాసులో ఉండే సేల్స్ మేనేజరు బల్ల గుద్ది చెప్పేవాడు: "ఊళ్లో ధైర్యమున్నవాణ్ణి ఒక్కణ్ణి పట్టు. వాడు బాగుపడితే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే పరుగెత్తుకొస్తారు." ఆ మాట నాకు మంత్రంలా వినిపించేది. బొంబాయిలో, మద్రాసులో అది పనిచేసి ఉండవచ్చు.

రెండో ఆయన నెల్లూరు బ్రాంచి మేనేజరు దానియేలు గారు. ఆదివారం చర్చిలో అందరికన్నా గట్టిగా పాడేవారట. మిగతా వారమంతా ఆ గొంతు ఆయనకు ఉన్నట్టే తెలిసేది కాదు. ఎవరైనా మాట్లాడుతుంటే రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని వినేవారు. మాట అయిపోయాక కూడా కాసేపు వినేవారు. ఆ ఖాళీ భరించలేక అవతలివాడు ఇంకో మాట అనేవాడు. సాధారణంగా అసలు సంగతి ఆ రెండో మాటలో ఉండేది. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పట్లో మాత్రం, ఈయనకు వ్యాపారం చేతకాదు, పాపం అనుకునేవాణ్ణి.

చెంచయ్యను పట్టాను

ఆ పాలెం పేరు రాయను. మైపాడుకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. నేను ఒడ్డున నిలబడి నైలాను దారం చేతికి చుట్టుకుని, "దమ్మున్నవాళ్లు తెంపండి" అని సవాలు చేశాను. ముగ్గురు బలమైన మగవాళ్లు లాగినా తెగలేదు.

దారం తెగలేదు గానీ నా చెయ్యి తెగింది. రక్తం కారుతున్న చెయ్యి వెనక్కి దాచుకుని ఉపన్యాసం పూర్తి చేశాను. నూలు వలకు చెక్క కషాయం పట్టించాలి, రోజూ ఎండబెట్టాలి, అయినా కుళ్లిపోతుంది. దీనికి ఆ బాధ లేదన్నాను. అంతవరకూ నిజం. మనవళ్లు కూడా ఇదే వల వేస్తారన్నాను. అది నా సొంత కవిత్వం.

నేను వెతుకుతున్న ధైర్యవంతుడు దొరికాడు. పేరు చెంచయ్య. నా మాటలన్నీ విని, "సరేనయ్యా, ఇయ్యి. ఏసి జూస్తా" అన్నాడు. వలను ట్రయల్ కింద ఇచ్చాను. నచ్చేదాకా అది కంపెనీ సొత్తే.

మొదటి రోజే తెప్ప నిండా చేపలు. చెంచయ్య భార్య మంగమ్మ నీళ్లలోకి ఎదురు పరుగెత్తింది. నాకైతే కాళ్లు నేల మీద లేవు. వెంటనే ఈ చేపలు నెల్లూరు తీసుకెళ్లి మార్కెట్టులో అందరికీ చూపించాలి! చెంచయ్య తల గోక్కుంటూ, "కొత్త వల గదయ్యా, ఇసకలో పోసి..." అని ఏదో చెప్పబోయాడు. బస్సు హారన్ కొడుతోంది. "తర్వాత చెబుదువులే, పద పద" అని నేనే గంపకు చెయ్యేసి బస్సు మీదకు ఎక్కించాను.

ఎదుటివాడి వాక్యం మధ్యలో ఆగిపోయిందంటే, ఆగిపోయిన ఆ ముక్కే మీకు కావలసింది. చెంచయ్య వాక్యం మిగతా సగం నేను పాలెం మొత్తం ముందర కూర్చుని వినాల్సి వచ్చింది.

తర్వాత కొన్నాళ్లకే చెంచయ్య వల నీటి లాగుడుకు కొట్టుకుపోయి, పోలయ్య వల మీద పడింది. లాగేటప్పుడు నైలాను దారం రంపంలా పనిచేసి నూలు వలను నిలువునా కోసేసింది. ఆ పోలయ్య ఎవరనుకున్నారు? పాలేనికి పెద్దకాపు. అక్కడ కాపు అంటే కులం కాదు, ఊరికి పెద్దరికం చేసే పదవి.

జీపు వద్దన్నారు

పాలెంలో కూటం పెట్టారని కబురొచ్చింది. నైలాను వల మీద, చెంచయ్య మీద దురాయి వేస్తారట.

దురాయి అంటే పాలెం అంతా ఒక్కమాటగా వేసే కట్టడి. అది పడ్డ మనిషితో ఎవరూ మాట్లాడరు, నిప్పు ఇవ్వరు, వేటకు తోడు రారు. సముద్రం మీద తోడు లేనివాడికి బతుకు లేదు. అదీగాక, ఒక పాలెంలో దురాయి పడిన వలను పక్క పాలేలు కూడా ముట్టుకోవు. నా ఉద్యోగం పోతుందని నాకు భయం. చెంచయ్యకు ఊరే పోతుంది. ఈ రెండింటికీ ఉన్న తేడా ఆ రోజు నా బుర్రకు పూర్తిగా ఎక్కలేదు.

నేను వెంటనే పెద్ద పథకం వేశాను. నాకు తెలిసిన ఒక ప్రభుత్వ అధికారిని జీపులో తీసుకెళ్లి కూటం మధ్యలో దించుదామన్నాను. దానియేలు గారు ఎప్పటిలాగే విన్నారు, అయిపోయాక కూడా విన్నారు. చివరికి, "జీపు చూసి ఇవాళ ఒప్పుకుంటారు రాఘవయ్యా. రేపు మనం మళ్లీ బస్సులో వెళ్లాలి కదా?" అన్నారు. ఇద్దరం బస్సులోనే వెళ్లాం.

ఇసకలో మగవాళ్లంతా గుండ్రంగా కూర్చున్నారు. ఆడవాళ్లు వెనక నిలబడ్డారు. మధ్యలో తెగిన వల పరిచారు. చెంచయ్య పక్కన రెండు వైపులా చోటు ఖాళీగా ఉంది. ఎవరూ గీత గీయలేదు, అయినా ఒక్కరూ ఆ చోట కూర్చోలేదు.

"చూసినావా చెంచయ్యా నా వల?" అన్నాడు పోలయ్య. "కత్తి పెట్టి కోసినట్టుండాది."

"లాగుడుకు కొట్టుకొచ్చింది పెద్దకాపూ. కావాలని చేసినానా?"

"నీది కొట్టుకొస్తే మాది తెగాల్నా?" అని ఎవరో అరిచారు. "రేపు నాది తెగతాది, ఎల్లుండి ఇంకోడిది. ఒడ్డునంతా నువ్వొకడివే మిగలతావు!"

నేను లేచి నిలబడ్డాను. "పెద్దలారా! ఈ నైలాను అనేది ఎంతోమంది శాస్త్రజ్ఞులు..."

"అయ్యా, నీకు ఈత వచ్చునా?" అన్నాడు పోలయ్య.

"వచ్చు. మా ఊరి కాలువలో..."

"కాలవంట!" అంది వెనక నుంచి ఒక ముసలమ్మ. కూటమంతా నవ్వింది. శాస్త్రజ్ఞులు అక్కడితో సరి.

ఆ నవ్వుల్లోంచి మంగమ్మ ముందుకొచ్చింది. "నవ్వింది చాలు. నేను గంప ఎత్తుకుని పోతా ఉంటే మీ ఆడోళ్లు దోవలో పక్కకు తప్పుకుంటా ఉండారు. దురాయి ఇంకా పడలేదు గదా? పడకముందే ఏందిది?"

అప్పుడు దానియేలు గారు, కూర్చున్న చోటినుంచే, మామూలు గొంతుతో అడిగారు. "పెద్దకాపు గారూ, ఒక్కమాట. మీకు మనసు విరిగింది వల తెగిన రోజునా, అంతకు ముందేనా?"

పోలయ్య ఆయన వైపు చాలాసేపు చూశాడు. దానియేలు గారు ఆ నిశ్శబ్దాన్ని కదపలేదు. నాకు మధ్యలో ఏదో ఒకటి అనాలని నాలుక దురద పెట్టింది. ఆయన చెయ్యి నా మోకాలి మీద పడింది, గట్టిగానే.

"ముందే" అన్నాడు పోలయ్య. "కొత్త వల నీళ్లలో బడితే తొలి వేట ఊరిది. ఇసకలో పోస్తారు. ముసిలోళ్లకు, మొగదిక్కు లేని ఇళ్లకు ముందు. ఆనక అందరికీ. మా తాతల కాణ్ణించి ఇంతే. చెంచయ్య దాన్ని బస్సెక్కించినాడు."

చెంచయ్య తల వంచుకున్నాడు. నా పేరు ఒక్కసారి చెబితే బరువు దిగిపోయేది. చెప్పలేదు. అప్పుడు నేను లేచి, "తప్పు చెంచయ్యది కాదు, నాది" అన్నాను.

అన్నాను గానీ, ముందు మంగమ్మ నా వైపు వేలు చూపించి, "ఆ మారాజే ఎక్కించినాడు! గంపకు చెయ్యేసింది గూడా ఆయనే!" అని అరిచాక అన్నాను. అప్పటికి ఇంకో దారి లేదు.

పోలయ్య ఇసక దులుపుకుని లేచాడు. "అట్టయితే మళ్లా తొలి వేట జరగాల. రేపు తెల్లారి చెంచయ్య ఆ వలే ఎయ్యాల. నేను గూడా ఆ నీళ్లలోనే ఏస్తా. చేప ఇసకలో బడాల. మళ్లా నా వల తెగిందా, దురాయే. ఇంకో మాట లేదు."

"తెప్ప మీద తోడెవరు?" అన్నాడు చెంచయ్య. అంతవరకూ ఆయనతో వేటకు వెళ్లే మనిషి ముఖం తిప్పుకున్నాడు.

"వల ఇచ్చినాయన ఉండాడు గదా" అన్నాడు పోలయ్య. "కాలవలో ఈత గూడా వచ్చు."

ఆఫీసు లేని చోట

ఆ రాత్రి పాలెంలోనే ఉండిపోయాం. పడుకోబోయే ముందు దానియేలు గారు, "నీళ్ల మీద నేనుండను. అక్కడ నువ్వు ఏం నిర్ణయిస్తే అదే నా నిర్ణయం. ఏం పోయినా నేను చూసుకుంటాను" అన్నారు. "అలాగే సార్" అన్నాను. ఆ మాట చెవిలోనే ఉండిపోయింది, లోపలికి దిగలేదు. పైవాడు అధికారం ఇవ్వగానే సరిపోదు. దాన్ని పుచ్చుకోవడానికి కింద ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి నేను ఇంకా కాలేదు.

తెల్లవారింది. మామూలుగా తెప్పను నీళ్లలోకి తోసేటప్పుడు పక్కనున్నవాళ్లంతా భుజం పడతారు. ఆ రోజు ఒక్కరూ రాలేదు. చేతులు కట్టుకుని చూశారు. చెంచయ్య, మంగమ్మ, నేను, ప్యాంటు మడుచుకుని దానియేలు గారు తోశాం.

తెప్ప అంటే నాలుగు దుంగలు కలిపి కట్టినది. అంచులు ఉండవు. నీళ్లు పైనుంచే పోతాయి. నేను తెడ్డు వేశాను. అంటే తెడ్డు పట్టుకున్నాను. మొదటి పెద్ద అల దాటగానే అదీ వదిలేశాను. చెంచయ్య నా నడుముకు తాడు కట్టి దుంగకు ముడేశాడు. "కక్కుకో అయ్యా, సిగ్గుపడబాకు. గాలి ఇటు తోస్తా ఉండాది, నువ్వా పక్కన కూసో, చాలు" అన్నాడు. రెండు పనులూ శ్రద్ధగా చేశాను.

వల వేశాం. మాకు దక్షిణంగా, లాగుడుకు దిగువన, పోలయ్య తెప్ప. ఆయన వలను తేల్చే బెండ్లు నీళ్ల మీద వరసగా కనిపిస్తున్నాయి. కాసేపటికి చెంచయ్య లేచి నిలబడ్డాడు. మా వల ఉండాల్సిన చోట లేదు. పోలయ్య వల వైపు వేగంగా పోతోంది.

"నూలు తడిస్తే బరువెక్కి నిదానంగా పోతాది. దీనికి బరువెక్కడిది? ఉరకతా ఉండాది" అని గబగబా లాగడం మొదలుపెట్టాడు. సగం వల తెప్ప మీదకొచ్చింది. అందులో ఏమీ పడలేదు. ఉన్నట్టుండి చేతిలో తాడు బిగుసుకుంది. చెంచయ్య లాగడం ఆపేశాడు. వేళ్లతో తాడును తడిమి చూశాడు.

"తగులుకునింది" అన్నాడు.

దూరంగా పోలయ్య తన తెప్ప మీద లేచి నిలబడ్డాడు. అరవలేదు. చెయ్యి ఊపలేదు. ఊరికే నిలబడి చూస్తున్నాడు. అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

"ఇంక లాగితే ఆయన వల తెగతాది" అన్నాడు చెంచయ్య. "మనం వదిలేస్తే రెండూ కలిసి కొట్టుకపోతాయి, ఆయన నిదానంగా పైకి తీసుకుంటాడు. మన వల కొయ్యాల. కొయ్యమంటావా?"

సగం వల! కంపెనీ సొత్తు! నేను ఏమన్నానో తెలుసా? "దానియేలు గారిని అడగాలి" అన్నాను.

చెంచయ్య నా ముఖంలోకి చూశాడు. "యాడుండాడయ్యా ఆయన? చేపల్లోనా?"

అల వచ్చి తెప్ప లేచింది. తాడు ఆయన అరచేతిలోంచి జారుతూ బిగుస్తోంది. మొలలోంచి కత్తి తీశాడు, కానీ కొయ్యలేదు. "వల మీది. నువ్వు జెప్పాల. నేను కోస్తే దొంగనైతా, కొయ్యకపోతే ఊరికి కానోణ్ణయితా. తొందరగా జెప్పు సామీ, చెయ్యి ఆగేట్టు లేదు."

తర్వాతి కాలంలో కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఈ కథ చెప్పినప్పుడల్లా, "కొయ్యి చెంచయ్యా! పూచీ నాది!" అని సముద్రం దద్దరిల్లేలా అరిచానని చెప్పేవాణ్ణి. పూచీ మాటే రాలేదు. అరవనూ లేదు. ఆ చేతి వంక చూశాను. తాడు కింద చర్మం తెల్లబడి, తర్వాత ఎర్రబడింది. ఆ చేతికి తాడు చుట్టించింది నేను. "కొయ్యి" అన్నాను. ఆయనకు వినపడిందో లేదోనని మళ్లీ అన్నాను. కోశాడు.

మిగిలిన తాడు కొస నీళ్లలోకి జారిపోయింది. తెప్ప ఒక్కసారిగా తేలికపడి ఊగింది.

ఇసక మీద

మేం ఒడ్డు చేరేసరికి పాలెం అంతా అక్కడే ఉంది. ఎవరూ నీళ్లలోకి దిగలేదు. ఇద్దరం నడుములోతు నీళ్లలో దుంగలు పట్టుకుని నిలబడ్డాం. అల వచ్చినప్పుడల్లా తెప్ప మమ్మల్ని తోసేస్తోంది. మంగమ్మ పరుగెత్తుకొచ్చి మూడో చెయ్యి వేసింది. ఖాళీ తెప్పనూ, సగం వలనూ చూసి భర్తను ఏమీ అడగలేదు. దానియేలు గారు నన్ను ఏమీ అడగలేదు. అందరం పోలయ్య తెప్ప కోసం చూస్తున్నాం.

వచ్చాడు. రెండు వలలూ ఒకదానికొకటి చుట్టుకుని కుప్పగా ఉన్నాయి. ఇసకలో పరిపించి, మోకాళ్ల మీద కూర్చుని, నూలు వలను కన్ను కన్నుగా తడుముతూ పోయాడు. ఎండ ఎక్కుతోంది. చివరిదాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చాడు. ఆ పరిశీలనతో పోలిస్తే నా తర్వాతి ఆడిట్లన్నీ పిల్లల ఆట.

"తెగలా" అన్నాడు.

తర్వాత నైలాను ముక్కను విదిలించాడు. దాంట్లో చేపలున్నాయి. బోలెడని రాయాలని ఉంది గానీ, ఒక గంపకు సరిపడా. "ఇది ఈ వల తొలి వేట" అని ఇసకలో పోయించాడు. ముసలివాళ్లు, మగదిక్కు లేని ఇళ్లవాళ్లు ముందుకొచ్చారు.

అప్పుడు పోలయ్య నీళ్లవైపు తిరిగాడు. "ఏందిరా, చెంచయ్య తెప్ప ఇంకా నీళ్లలోనే ఉండాదే? చేతులు పడిపోయినాయా మీకు?"

జనం ఒక్క ఊపున దిగారు. ఎవరి భుజం ఎక్కడ పడిందో తెలియలేదు, తెప్ప ఇసక మీదకొచ్చి పడింది. ముందు రోజు ముఖం తిప్పుకున్న మనిషే ముందు కొస పట్టుకున్నాడు. చెంచయ్య ఆయన వీపు మీద ఒక్కటి చరిచాడు, గట్టిగానే.

"వల మీద దురాయి లేదు" అన్నాడు పోలయ్య. "ఏసే చోటు మీద ఏస్తా ఉండా. నైలాను వల ఎప్పుడూ లాగుడుకు దిగువన బడాల. నూలు వలలు దాని ఎనక. అది ఎంత ఉరికినా ముందుకే పోతాది, మా మీదకు రాదు. దాటినోడికి దురాయి." దానియేలు గారు ఆ మాటనే మా నియమంగా పెట్టారు. ఆ తర్వాత ఏ పాలేనికి వల అమ్మినా ముందు పెద్దకాపు దగ్గర కూర్చుని, తొలి వేట సంగతి, వేసే చోటు సంగతి మాట్లాడుకున్నాకే అమ్మాం. ధైర్యమున్న ఒక్కణ్ణి పట్టే పద్ధతి ఆ ఒడ్డున మళ్లీ వాడలేదు. ఊరికన్నా ముందు నడిచే మనిషి మీకు దొరికితే, ముందు ఆయన పక్కన ఎవరైనా కూర్చుంటున్నారేమో చూడండి.

పంపకం అయిపోవస్తుంటే పోలయ్య ఒక చేప తీసి నా ముందు పట్టుకున్నాడు. "ఇది నీ పాలు."

"నేనేం చేశానండీ? కక్కుకోవడం తప్ప" అన్నాను. ఆ రోజు నేను పెంచకుండా చెప్పిన మొదటి మాట అదే.

"తెప్ప మీద బరువుకు పనికొచ్చినావంట గదా, చెంచయ్య చెప్పినాడు. గాలికి బరువు గూడా పనే. తీసుకో."

రెండు చేతులా పట్టుకున్నాను. దానికింకా ప్రాణముంది. ఒక్కసారి ఎగిరి నా ఛాతీ మీద కొట్టి ఇసకలో పడింది. వంగి పట్టుకోబోతే మళ్లీ జారింది. పాలెం అంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వుల్లో అందరికన్నా గట్టిగా వినిపించింది చెంచయ్యది. అటూ ఇటూ మనుషులు ఆయన భుజాల మీద చేతులేసి నిలబడి ఉన్నారు.